చరిత్రలో నేను కలవదలచిన నలుగురు ఉద్యోగులు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు వారం క్రితం ఫోను చేసి, "మాస్టారూ, ఈసారి మీరో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. కరువుభత్యం బకాయిలు తప్ప ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు. బకాయిల మీద మాట్లాడటానికి ముగ్గురు ముందే పేర్లిచ్చారట. "చరిత్రలో ఎవరిని కలుసుకోవాలని మీకుంది?" అని విషయం కూడా వారే సూచించారు.

ఈ ప్రశ్న ఎవరినడిగినా గాంధీగారి పేరో, నేతాజీ పేరో, శ్రీకృష్ణదేవరాయల పేరో చెబుతారు. వారంతా మహానుభావులే. కానీ ఒక్క మాట ఆలోచించండి. రాయలవారి కొలువుకు నాలాంటివాడు వెళితే సింహద్వారం దగ్గర కాపలావాడు లోపలికి పోనిస్తాడా? పోనిచ్చినా రాయలవారితో నేనేం మాట్లాడతాను? నేను 1973లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వస్తే మండల కార్యాలయంలో కూర్చున్నాను. 2009లో పదవీ విరమణ చేశాను. ముప్పయ్యారేళ్ళు కాగితాలు రాసి, కుట్టి, వెతికి బతికినవాణ్ణి. అందుకని నా భాష తెలిసినవాళ్ళనే కలవాలని నిశ్చయించుకున్నాను. అంటే చరిత్రలో ఉన్న ఉద్యోగులను.

ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ, "పై లోకానికి పోయినా మీరు ఆఫీసువాళ్ళనే వెతుక్కుంటారన్నమాట" అంది. అంతేనేమో మరి.

నా మొదటి పెద్దమనిషి కంచర్ల గోపన్నగారు. అందరూ భద్రాచల రామదాసుగా కొలిచే భక్తుడు. నాకు మాత్రం ముందుగా ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారు. నేలకొండపల్లివారు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెకెక్కాడు. ఆయన కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. వారి పలుకుబడితోనే ఆయనకు ఆ ఉద్యోగం దొరికింది. సిఫారసులనేవి మన కాలంలో పుట్టినవి కావని దీన్నిబట్టి తెలుస్తోంది.

తరవాత కథ మీ అందరికీ తెలుసు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానాకు చేరవలసిన సొమ్ము చేరలేదు. ఆ సొమ్ము ఆరు లక్షలనీ, ఆయన పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో ఉన్నాడనీ మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. కోటకు వెళ్ళినవారికి ఆ బందిఖానాను ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే దేవతామూర్తులు కూడా ఉన్నాయి.

భక్తులు అక్కడ దండం పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. కానీ నాలోని గుమాస్తా ఊరుకోడు కదా! పాల్వంచ కచేరీలో ఆ జమాఖర్చు చిట్టా రాసిన లేఖరి ఎవరు? ఆ సొమ్మును ఏ పద్దు కింద చూపించాడు? తహసీల్దారుగారు భక్తితో చెప్పారు, కింది ఉద్యోగి భయంతో రాశాడు. తనిఖీ వచ్చిన రోజున అతని గతేమైంది? చరిత్ర అతని పేరు చెప్పదు. గోపన్నగారిని కలిస్తే నేను మొదట అడిగేది ఆ లేఖరి గురించే.

రెండోది, ఆయన జైల్లో పాడిన కీర్తనల గురించి. ఒక కీర్తనలో ఆయన ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత సొమ్ము పట్టిందో పద్దు పద్దుగా రాముడికి అప్పగిస్తాడు. అది విన్నప్పుడల్లా నాకు వివరణ కోరుతూ వచ్చిన మెమోకు జవాబు చదువుతున్నట్టే ఉంటుంది. మంచి పనికే ఖర్చు పెట్టినా ప్రజల సొమ్ముకు లెక్క చెప్పక తప్పదని ఆయన మనసుకు తెలుసు. లేకపోతే అంత వివరంగా ఎందుకు చెప్పుకుంటాడు?

ఇక కథలో చివరి ఘట్టం. రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించారని, రసీదు కూడా తీసుకున్నారని చెబుతారు. కథే కావచ్చు. కానీ ఆ కథ అల్లినవాడెవడో తప్పకుండా రెవెన్యూ శాఖవాడే! దేవుడంతటివాడి చేత కూడా రసీదు తీసుకునేటట్టు చేశాడు. మన శాఖకు అంతకన్న గౌరవం ఏముంటుంది?

రెండో వ్యక్తి కావలి వెంకట లక్ష్మయ్యగారు. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. కల్నల్ కాలిన్ మెకంజీ పేరు మాత్రం విని ఉంటారు. స్కాట్లండు దగ్గర లూయిస్ ద్వీపం నుంచి వచ్చిన సైనిక ఇంజనీరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. మన గ్రామాల చరిత్రలు, శాసనాలు, తాళపత్రాలు గుట్టలుగా సేకరించినవాడు. మన పల్లెల కైఫీయతులు ఈనాడు మిగిలి ఉన్నాయంటే ఆయన పుణ్యమే.

అయితే ఆ దొరకు దేశభాషలు రావు. మరి ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, పెద్దకాపులను కూర్చోబెట్టి మాట్లాడించింది ఎవరు? ఏలూరుకు చెందిన కావలి సోదరులు. అన్న బొర్రయ్య పాత కన్నడ శాసనాలను కూడా చదివి విప్పగలిగిన ప్రతిభావంతుడు. 1803లో, ముప్పయ్యేళ్ళయినా నిండకుండానే పోయాడు. ఈ దేశపు విజ్ఞానంలోకి తనకు దారి చూపింది ఆ యువకుడేనన్న భావం వచ్చేటట్టు మెకంజీ 1817లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. పై అధికారి కింది ఉద్యోగిని గురించి, అదీ అతను పోయిన పద్నాలుగేళ్ళకు అంత మాట రాయడం చిన్న విషయం కాదు.

అన్న పోయాక ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. మనుషులను నలుమూలలకూ పంపడం, వాళ్ళు పంపిన నివేదికలు సరిచూడడం, తర్జుమాలు చేయించడం అన్నీ ఆయన పర్యవేక్షణలోనే సాగాయి. 1821లో మెకంజీ కన్నుమూశాడు. ఆయన సేకరణను ప్రభుత్వం దొరసానిగారికి లక్ష రూపాయలిచ్చి కొనుక్కుంది. మిగిలిపోయిన పనిని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. పాతికేళ్ళు ఆ పనిలో తల పండినవాడు. కానీ 1830ల్లో కలకత్తా పెద్దలు ఏం తేల్చారు? ఈ దేశస్థుడు ఆ బాధ్యతకు చాలడని. తరవాత ఆ పని విలియం టేలర్ అనే పాదిరి చేతికి వెళ్ళింది.

సోదరులారా, ఈ సంగతి చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. నోటు ఫైలులో కింద మన రాత ఉంటుంది, పైన మరొకరి సంతకం ఉంటుంది. అది మనం అలవాటు పడిన సంగతే, దానికి బాధ లేదు. కానీ పని చేసినంతకాలం సమర్థుడైన మనిషి, పని తన పేరు మీద అడిగిన రోజున అసమర్థుడెలా అయ్యాడు? లక్ష్మయ్యగారిని కలిస్తే నేను ప్రశ్నలేమీ అడగను. ఆ తిరస్కరణ కాగితం అందిన రోజు సాయంత్రం ఆయన పక్కన కాసేపు కూర్చుంటాను. అంతే.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ గీశాడు. అందులో దొర ఎర్రకోటు వేసుకుని నిలబడి ఉంటే, ఆయనతోపాటు ముగ్గురు మనవాళ్ళు కనిపిస్తారు. వారిలో ఒకరు లక్ష్మయ్యగారని చెబుతారు. చరిత్ర పుస్తకాల్లో ఆ బొమ్మ కనబడితే మీ మనవలకు దొరను చూపించండి, ఆ తరవాత ఆ ముగ్గురు మనవాళ్ళను కూడా చూపించండి.

ఇక్కడే సి.పి. బ్రౌను దొరగారినీ తలుచుకోవాలి. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి తెలుగు నేర్చుకుని, సొంత సొమ్ముతో పండితులను పెట్టుకుని వేమన పద్యాలను, కావ్యాలను సేకరించి మనకు నిఘంటువు చేసిపెట్టిన మహనీయుడు. మెకంజీ సేకరణలోని కైఫీయతులకు కూడా ఆయన నకళ్ళు రాయించాడు. ఆయన బంగళాకు వెళితే నేను హాల్లో కూర్చోను. వరండాలో జంబుఖానా మీద కూర్చుని నకళ్ళు రాస్తున్న వారి దగ్గరకే వెళతాను. నా స్థానం అక్కడే.

మూడో ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరు, అంటే ప్రధాన దుబాసీ. 1830 మే 18న సపరివారంగా కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు! తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని సముద్రతీరం వెంబడి వెనక్కు వచ్చాడు. రైళ్ళు లేవు, బస్సులు లేవు. బోయీలు, పల్లకి, డేరాలు, వంట సామగ్రి.

ఉద్యోగిగా నాకు కలిగే మొదటి సందేహం మీకూ కలిగే ఉంటుంది. అంత సెలవు ఎలా మంజూరైంది? మనకు తిరుపతి వెళ్ళడానికి నాలుగు రోజుల సెలవు కావాలంటేనే, "ఇప్పుడే పెట్టాలా? జమాబందీ అయ్యాక పెట్టుకో" అనేవారు. వీరాస్వామయ్యగారి సెలవు దరఖాస్తు ఒక్కసారి చూడాలని నాకు ఎంతో కోరిక.

కానీ ఆయనను కలవాలనుకోవడానికి అసలు కారణం అది కాదు. ఆయన దారి పొడుగునా రాసిపెట్టాడు. ఈ మజిలీకి ఆ మజిలీకి దూరమెంత, బాట రాళ్ళదా ఇసుకదా, మంచినీళ్ళు ఎక్కడున్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దొంగల భయం ఎక్కడుంది, ఏ ఊళ్ళో ఎవరి పాలన ఎలా ఉంది, అన్నీ. దేవుళ్ళను మాత్రమే చూసి రాలేదు, దేశాన్ని చూసి వచ్చాడు. ఆ రాతలన్నీ మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి చేరాయి. వీరాస్వామయ్యగారు 1836లో కాలం చేస్తే, పిళ్ళెగారు 1838లో ఆ రాతలను "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చు వేయించారు. రచయిత తన పుస్తకాన్ని కళ్ళ చూసుకోలేదు.

మనలో కాశీకి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఈ హాల్లో సగం మంది ఉంటారు. వెళ్ళి వచ్చి ఏమి రాశాం? గంగలో వదిలిన కాయ ఏదో, పండు ఏదో మాత్రమే గుర్తుంది. ఆయన్ను కలిస్తే, రోజంతా పల్లకిలో కుదుపులు తిని, రాత్రి దీపం వెలుతురులో కలం పట్టే ఓపిక ఎక్కడ నుంచి వచ్చిందో అడగాలని ఉంది.

నాలుగో వ్యక్తి దగ్గరకు వస్తున్నాను. ఈరోజు మనమంతా ఇక్కడ చేరడానికి కారణమైనవాడు డి.ఎస్. నకారా గారు. ఏటా డిసెంబరు 17న ఆయన పేరు తలుచుకుంటాం. కానీ ఆయనెవరని పిల్లలు అడిగితే ఎంతమందిమి చెప్పగలం?

నకారాగారు రక్షణ మంత్రిత్వశాఖలో ఆర్థిక సలహాదారుగా ఉండి 1972లో రిటైరయ్యారు. 1979 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచింది. అంతకుముందు చివరి 36 నెలల జీతం సగటు మీద లెక్కకట్టేవారు, దాన్ని చివరి 10 నెలలకు మార్చారు. గరిష్ఠ పరిమితి కూడా పెంచారు. సంతోషించవలసిందే. కానీ ఒక మెలిక పెట్టారు. 1979 మార్చి 31న గాని, ఆ తరవాత గాని రిటైరైన సివిలు ఉద్యోగులకే ఈ లాభం.

అంటే ఒకే గదిలో, పక్కపక్క కుర్చీల్లో ముప్పయ్యేళ్ళు పనిచేసిన ఇద్దరున్నారనుకోండి. ఒకాయన ఫిబ్రవరి నెలాఖరున దిగిపోయాడు, ఇంకొకాయన మార్చి నెలాఖరున. ఒకే బజారులో ఒకే ధరకు బియ్యం కొనుక్కునే ఆ ఇద్దరికీ పెన్షను మాత్రం రెండు లెక్కలు. ఇదేం న్యాయమని నకారాగారు, సైన్యం నుంచి రిటైరైన మరొకాయన, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారు, తుల్జాపుర్కర్‌గారు, డి.ఎ. దేశాయ్‌గారు, మన తెలుగువారు ఓ. చిన్నపరెడ్డిగారు, బహరుల్ ఇస్లాంగారు. తీర్పు రాసినవారు దేశాయ్‌గారు. దాని సారాంశం మూడు ముక్కల్లో చెబుతాను. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు. అది ముసలితనంలో మనిషి ఎవరి ముందూ చెయ్యి చాచకుండా గౌరవంగా బతకడానికి ఏర్పరచిన భద్రత. పెన్షనర్లంతా ఒక వర్గం కనుక, కేవలం తేదీ గీత గీసి వారిని రెండుగా చీల్చడం రాజ్యాంగం 14వ అధికరణం చెప్పిన సమానత్వానికి విరుద్ధం. దాంతో పాత పెన్షనర్లకు కూడా కొత్త పద్ధతిలో లెక్కకట్టారు. అయితే ఆ తేదీకి ముందు కాలానికి బకాయిలు ఇవ్వనక్కరలేదన్నారు.

నకారాగారిని కలిస్తే నేనడిగేది ఒకటుంది. "అయ్యా, మీ ఉద్యోగమే ప్రభుత్వ ఖర్చుకు కళ్ళెం వేసే ఉద్యోగం. పెద్ద హోదాలో రిటైరయ్యారు. హాయిగా ఇంట్లో కూర్చోక, కోర్టు మెట్లు ఎందుకెక్కారు?" ఆయన ఏమంటారో నేను కల్పించి చెప్పను. కానీ ఆయన మెట్లెక్కబట్టి, ఆయన పేరు కూడా తెలియని లక్షలాది మంది, బంట్రోతుల దగ్గరనుంచి పై అధికారుల దాకా, కాస్త ధైర్యంగా బతికారు.

ఇంతవరకే చెప్పి దిగిపోతే మీకు సంతోషంగానే ఉంటుంది. కానీ పూర్తిగా చెప్పకపోతే తప్పు. నకారా తీర్పు పరిధిని ఆ తరవాత సుప్రీంకోర్టే కొన్ని కేసుల్లో కుదించింది. 1990లో కృష్ణేన కుమార్ కేసులో భవిష్యనిధి పద్ధతి ఎంచుకున్నవారిని పెన్షనర్లతో సమానం చేయడానికి ఒప్పుకోలేదు. 2004 జనవరి 1 నుంచి కేంద్రంలోను, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలోను చేరినవారికి పాత పెన్షనే లేకుండా పోయింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన ఆర్థిక చట్టంలో, పెన్షనర్లను వర్గాలుగా విడదీసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉందని, రిటైరైన తేదీ అందుకు ఆధారం కావచ్చని చేర్చారు. ఇప్పుడున్న పెన్షనర్లకు దీనివల్ల మార్పు ఉండదని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ 1982లో కోర్టు చెరిపేసిన తేదీ గీత మళ్ళీ కాగితం మీదకు వచ్చిందన్నది మనం గమనించాలి.

మా అబ్బాయి 2008లో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆ మధ్య భోజనాల దగ్గర, "నాన్నా, మీ నకారాగారు మాకేమైనా పనికొస్తారా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరవాత ఆలోచించి ఇలా అన్నాను. "ఆయన తీర్పు నీకు ఎంతవరకు పనికొస్తుందో వకీళ్ళు చెప్పాలిరా. ఆయన చేసిన పని మాత్రం పనికొస్తుంది. రిటైరైన ఏడేళ్ళకు, తనకు తగిలిన అన్యాయం తన ఒక్కడిదే కాదని గుర్తించాడు. కాగితాలన్నీ తీసి, రూలు చదివి, నలుగురిని కలుపుకుని వెళ్ళాడు. అది ఏ స్కీములో ఉన్నవాడైనా చేయవచ్చు." వాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు గాని, తీర్పు ప్రతి ఒకటి తెచ్చిపెట్టమని మాత్రం అడిగాడు. నాకు అంతే చాలు.

కనుక కార్యదర్శిగారికి రెండు విన్నపాలు. మొదటిది, నకారా తీర్పులోని ముఖ్యభాగాలు సులువైన తెలుగులో రాయించి మన సంఘం తరఫున చిన్న పుస్తకంగా వేయండి. ఖర్చుకు నా వంతు చందా ఈరోజే ఇస్తాను, రసీదు ఇప్పించండి. రాములవారే తీసుకున్నారు కదా! రెండోది, మన సభ్యులలో ఎనభై దాటినవారు చాలామంది ఉన్నారు. కరణాల కాలం, ఫిర్కాల కాలం, తుఫానుల్లో రికార్డులు తడవకుండా కాపాడిన కాలం చూసినవారు. వారి దగ్గరకు ఒకరిద్దరిని పంపి వారి ఉద్యోగానుభవాలు రాయించండి. లక్ష్మయ్యగారు రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా తిరిగి చేసింది అదే. మన ఊళ్ళో మనం చేయలేమా?

ఇక్కడున్న పిల్లలకు ఒక చిన్న మాట. తానీషాను, మెకంజీ దొరను మీరు కలవలేరు. మీ ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో ఇవాళ సాయంత్రమే కలవవచ్చు. "నీ మొదటి జీతమెంత, మొదటి రోజు ఆఫీసులో ఏం చేశావు?" అని అడగండి. కాగితం, కలం దగ్గర పెట్టుకుని మరీ అడగండి.

ఇరవై నిమిషాలన్నారు, కొంచెం దాటినట్టున్నాను. బకాయిల మీద మాట్లాడవలసినవారు ఇటే చూస్తున్నారు.